రైఫిల్ సైట్లు – దూరాన్ని బట్టి గురి



వచ్చే నెల ఎన్.సి.సి. క్యాంపులో మనకు ఫైరింగ్ ఉంది. పాయింట్ టూ టూ రైఫిల్‌తో 25 మీటర్ల దూరంలో ఉండే కాగితం టార్గెట్‌ను కొట్టాల. ఒక్కొక్కరికి ఐదు తూటాలే. "నాకు దూరంగా ఉండేది సరిగ్గా కనపడదు, నేను రాను" అని మన హాస్టల్లో ఇద్దరు అప్పుడే పేర్లు కొట్టేయించుకున్నారు. వాళ్ళ కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. సైట్ ఎట్లా పని చేస్తుందో తెలిస్తే భయం సగం పోతుంది.

సైట్ అంటే ఏమి?

మా నాయన కూలికి పోయి కంచెలకు గుంజలు నాటుతాడు. ఒక కన్ను మూసి మొదటి గుంజ పక్క నుంచి చూస్తాడు. మొదటిది, నడిమిది, చివరిది ఒకే వరసలో కనపడితే కంచె తిన్నగా ఉన్నట్టు. ఆయన బడికి పోలేదు గానీ ఈ పాఠం ఆయనకు బాగా వచ్చు. రైఫిల్ మీద కూడా అంతే. కంటికి దగ్గర ఉండేది బ్యాక్ సైట్. గొట్టం చివర ఉండేది ఫోర్ సైట్. ఎదురుగా టార్గెట్. మూడూ ఒకే గీత మీదికి రావాల.

అయితే మన కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. చెయ్యి చాపి వేలు పెట్టి, దాని వెనక కొండను చూడండి. కొండ బాగా కనపడితే వేలు మసకబారుతుంది. మరి మూడింటిలో దేన్ని స్పష్టంగా చూడాల? చాలామంది టార్గెట్ అనుకుంటారు. కాదు, ఫోర్ సైట్‌ను.

ఎందుకో లెక్క చూడండి. రెండు సైట్ల నడుమ 60 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఫోర్ సైట్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర తూటా సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పక్కకు పోతుంది. 25 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్లు, 50 మీటర్ల దగ్గర 8 సెంటీమీటర్లు. సైట్లు సరిగ్గా ఉండి, టార్గెట్ మీద మన గురి 1 సెంటీమీటరు తప్పితే తూటా ఆ 1 సెంటీమీటరే తప్పుతుంది. కాబట్టి టార్గెట్ కొంచెం మసకగా కనపడినా పర్వాలేదు. అందరికీ అట్లే కనపడుతుంది.

సైట్లలో రకాలు

1. ఓపెన్ సైట్: బ్యాక్ సైట్‌లో 'యు' లేక 'వి' ఆకారంలో గాడి ఉంటుంది. ఆ గాడి నడుమ ఫోర్ సైట్ పుల్ల నిలబడాల. పుల్ల తల, గాడి అంచు సమానంగా ఉండాల. రెండు పక్కలా సందు ఒకే మాదిరి ఉండాల.

2. పీప్ సైట్: గాడి బదులు చిన్న రంధ్రం. రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరానిదీ రెండూ కొంత తేటగా కనపడతాయి. నమ్మకపోతే అట్ట ముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, వెనక బెంచీ నుంచి బోర్డు చూడండి. దూరం కనపడని వాళ్ళకు కూడా అక్షరాలు తేటపడతాయి. (సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు.) రంధ్రం మరీ చిన్నదైతే చీకటిగా ఉంటుంది, మరీ పెద్దదైతే నడిమి భాగం తెలియదు.

3. టెలిస్కోప్: దూరాన్ని దగ్గర చేస్తుంది. దాంతో పాటు మన చేతి వణుకు కూడా పెద్దగా కనపడుతుంది. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో దీనికి అనుమతి లేదు. 2008 బీజింగ్‌లో బంగారు పతకం తెచ్చిన అభినవ్ బింద్రా గారూ, 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ గారూ 10 మీటర్ల పోటీలో పీప్ సైట్‌తోనే కొట్టారు. అక్కడ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే, పెన్నుతో పెట్టిన చుక్కంత.

దూరం మారితే

ఆ పోటీల్లో ఫోర్ సైట్ ఒక వలయం. నల్ల గుండ్రం ఆ వలయం నడుమ, చుట్టూ తెల్లగా సందు వదిలి, గుడి కట్టిన చందమామ మాదిరి కనపడాల. 10 మీటర్ల టార్గెట్‌లో నల్ల గుండ్రం 30.5 మిల్లీమీటర్లు. 50 మీటర్లకు 112.4 మిల్లీమీటర్లు. కాగితం మీద రెండోది పెద్దది. కానీ దూరం ఐదింతలు, గుండ్రం నాలుగింతల లోపే కాబట్టి కంటికి రెండోదే చిన్నగా కనపడుతుంది. అందుకని దానికి చిన్న వలయం పెట్టుకుంటారు.

ఇంకొక సంగతి. మామిడికాయ ఎంత దూరంలో ఉంటే రాయిని అంత ఎత్తుగా విసురుతాం కదా. తూటా కూడా రాయి మాదిరే కిందికి జారుతుంది. పాయింట్ టూ టూ తూటా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరినా, 25 మీటర్లు పోయేసరికి సుమారు 3 సెంటీమీటర్లు, 50 మీటర్లకు సుమారు 12 సెంటీమీటర్లు జారుతుంది. 25 మీటర్లకు సరిచేసిన సైట్‌తో 50 మీటర్ల టార్గెట్‌ను కొడితే కింద తగులుతుంది. అప్పుడు బ్యాక్ సైట్ పైకి జరపాల.

గుర్తుపెట్టుకోండి: తూటా ఎటు పోవాల్నో బ్యాక్ సైట్ అటే జరపాల. ఫోర్ సైట్ అయితే దానికి ఎదురు దిక్కు.

తప్పు ఎవరిది?

ఒక్క తూటా చూసి సైట్ జరపకూడదు. ఐదూ ఒకే చోటికి గురిపెట్టి కొట్టి, తర్వాత కాగితం చూడాల. ఐదు రంధ్రాలు ఒక చోట గుంపుగా ఉండి, ఆ గుంపు ఎడమకో కిందికో ఉంటే మనం బాగా కొట్టినట్టే, సైట్‌ను సరిచేయాల. రంధ్రాలు నలుదిక్కులా చెదిరితే మన ఊపిరి, వేలు, చూపు సరిచేసుకోవాల. గుంపు కుదరడమే మొదటి గెలుపు, నడిమి చుక్క తర్వాత. మనం సొంతంగా సైట్ ముట్టుకోకూడదు, నేర్పే హవల్దార్ సార్‌కే చెప్పాల. ఆర్డర్ లేనిదే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. రైఫిల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాల.

కాబట్టి పేర్లు కొట్టేయించుకున్న చెల్లెళ్ళారా, మళ్ళీ రాయించండి. వార్డెన్ మేడం గారికి ఒక మనవి. క్యాంపు లోపల మా అందరికీ ఒకసారి కళ్ళ పరీక్ష చేయించండి మేడం. అద్దాలు పెట్టుకొని కూడా ఫైరింగ్ చేయవచ్చు. బోర్డు కనపడకపోయినా చెప్పుకోలేక, పక్కదాని నోట్సు చూసి రాసుకునే వాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకు టార్గెట్ కంటే ముందు బోర్డు కనపడాల.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
ఎన్.సి.సి. క్యాడెట్