పంచదార బస్తాల కింద దాగిన నిజం

2013 జులైలో చోంగ్ చోన్ గాంగ్ అనే ఉత్తర కొరియా సరుకు ఓడ క్యూబా నుంచి బయలుదేరి పనామా కాలువ దగ్గరకు చేరింది. మాదకద్రవ్యాలు ఉన్నాయన్న అనుమానంతో పనామా అధికారులు దాన్ని ఆపారు. కాగితాల ప్రకారం ఓడలో ఉన్నది 10 వేల టన్నుల ముడి పంచదార. కళ్లకు కనిపించినవీ పంచదార బస్తాలే. 2 లక్షలకు పైబడిన ఆ బస్తాలను రోజుల తరబడి మోసి బయటపెట్టాక అడుగున 25 కంటైనర్లు తేలాయి. రెండు మిగ్-21 యుద్ధ విమానాలు, 15 ఇంజన్లు, విమానాలను కూల్చే క్షిపణి వ్యవస్థల భాగాలు, రాడార్ పరికరాలు ఓడలో దొరికాయి.

ఆయుధాలు తనవేనని క్యూబా వెంటనే ఒప్పుకుంది. అవి గత శతాబ్దం మధ్యకాలంలో తయారైన, కాలం చెల్లిన 240 టన్నుల రక్షణ సామగ్రి అనీ, మరమ్మతు చేయించి వెనక్కి తెచ్చుకోవడానికే పంపుతున్నామనీ ప్రకటించింది. కాబట్టి తగాదా ఓడలో ఏముందన్నదాని మీద కాదు, ఎందుకు వెళుతోందన్నదాని మీద. ఉద్దేశాన్ని తూచే తక్కెడ ఏదీ లేదు. అయినా పరిశోధకులు దాని జాడలను వెతకగలరు.

మొదటి జాడ ఓడ ప్రయాణంలో ఉంటుంది. అంతర్జాతీయ జలాల్లో తిరిగే పెద్ద ఓడలన్నీ ఏఐఎస్ అనే రేడియో పరికరాన్ని తప్పనిసరిగా అమర్చుకోవాలి. ఓడ గుర్తింపు సంఖ్య, ఉన్న చోటు, వేగం, దిశ అన్నీ అది కొన్ని సెకన్లకొకసారి ప్రసారం చేస్తుంది. ఎదురొచ్చే ఓడలు ఢీకొనకుండా ఉండటానికి పుట్టిన ఏర్పాటిది. ఇప్పుడు ఆ సంకేతాలను ఉపగ్రహాలు కూడా అందుకుంటున్నాయి. చోంగ్ చోన్ గాంగ్ సంకేతాలు క్యూబా పరిసరాల్లో కనుమరుగయ్యాయి. ఇదొక్కటే నేరానికి రుజువు కాదు. సముద్రపు దొంగల భయం ఉన్నచోట కూడా నావికులు ఆ పరికరాన్ని ఆపుతారు. కానీ ఖాళీ కనిపించిన చోట ప్రశ్న మొదలవుతుంది.

రెండో జాడ సరుకు పేర్చిన తీరులో దొరుకుతుంది. ముందు ఆయుధాలు, వాటి మీద పంచదార. ఇందులో భౌతికశాస్త్రం ఉంది. రేవుల్లో వాడే ఎక్స్ కిరణ యంత్రాలు శక్తిమంతమైనవి. కంటైనర్ ఉక్కు గోడలను దాటి లోపలి వస్తువుల ఆకారాన్ని చూపగలవు. అయితే అడ్డొచ్చే పదార్థం మందం పెరిగేకొద్దీ కిరణాలు అందులోనే ఇంకిపోతాయి. ఒక పెట్టెను దాటే కిరణం బస్తాల కొండను దాటలేదు. ఓడ అరలో అడుగున ఉన్నదాన్ని చూడాలంటే పైనున్నదాన్ని చేతులతో ఎత్తిపోయాల్సిందే.

మూడో జాడ వస్తువుల ఒంటి మీదే ఉంటుంది. వాడిన యంత్రానికి అరుగుదల ఉంటుంది, మసి పడుతుంది, తుప్పు పడుతుంది. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పరిశీలించినప్పుడు కొన్ని వస్తువులు వాడకుండా, మొదటి ప్యాకింగ్‌లోనే కనిపించాయి. మందుగుండు కూడా దొరికింది. పేల్చని గుండును ఎవరూ మరమ్మతుకు పంపరు. సరుకు స్వభావాన్ని దాచడానికి ముందే పథకం వేసుకున్నారని బృందం తేల్చింది. మరమ్మతు మాటే నిజమనుకున్నా క్యూబా వాదన నిలవదు. 2006 నాటి భద్రతామండలి 1718వ తీర్మానం ఉత్తర కొరియాతో ఇలాంటి ఆయుధాల మరమ్మతు సేవలను కూడా నిషేధించింది.

అన్ని కేసులూ ఇంత స్పష్టంగా తేలవు. 2014 మార్చిలో ఇజ్రాయెల్ నౌకాదళం ఎర్రసముద్రంలో క్లోస్ సి అనే ఓడను పట్టుకుంది. ఇరాన్ సిమెంటు బస్తాల మాటున 40 దీర్ఘశ్రేణి రాకెట్లు ఉన్నాయి. ఇరాన్ వీటిని గాజాకు పంపుతోందని ఇజ్రాయెల్ అంది. అంతా కట్టుకథ అని ఇరాన్ కొట్టిపారేసింది. ఐరాస నిపుణులు సరుకు ఇరాన్ నుంచే వచ్చిందనీ, అది ఆయుధ నిషేధాన్ని ఉల్లంఘించడమేననీ తేల్చారు. గాజా సంగతిని మాత్రం నిర్ధారించలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. వచ్చిన దారిలో రేవు కాగితాలు, కంటైనర్ సీళ్ల సంఖ్యలు, తయారీ ముద్రలు మిగులుతాయి. ఇంకా వెళ్లని దారిలో ఏమీ మిగలదు.

కొన్నిసార్లు ఆ వస్తువు ఏమిటన్నదే తగాదా అవుతుంది. 2020 ఫిబ్రవరిలో చైనా నుంచి పాకిస్తాన్‌కు వెళుతున్న ఓ ఓడను గుజరాత్‌లోని కాండ్లా రేవులో మన కస్టమ్స్ అధికారులు ఆపారు. అందులోని భారీ ఉక్కు పాత్రను ఆటోక్లేవ్‌గా అనుమానించి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ నిపుణులను పిలిపించారు. వేడి, పీడనం కలిపి ప్రయోగించే ఆటోక్లేవ్‌లో విమాన భాగాలు చేయవచ్చు, క్షిపణి భాగాలూ చేయవచ్చు. చైనా మాత్రం అది మామూలు పారిశ్రామిక కొలిమి భాగమేనని చెప్పింది. ఇలాంటప్పుడు పేరు కాదు, పనితనమే చూడాలి. ఎంత పీడనాన్ని తట్టుకుంటుంది, ఎంత వేడిని నిలుపుతుంది, లోపలి కొలతలెంత అన్నవే సమాధానం చెబుతాయి.

ఆయుధాల ఓడ పట్టుబడిందన్న వార్త వచ్చినప్పుడు పాఠకులు ఒక్క పని చేయాలని నా మనవి. ప్రకటనను ముక్కలుగా విడదీయండి. ఓడలో ఏముంది? ఎక్కడ ఎక్కింది? ఎవరికి చేరబోతోంది? ఈ మూడింటికీ వేర్వేరు సాక్ష్యాలు కావాలి. మొదటిది నిజమైనంత మాత్రాన మూడోది నిజం కాదు. మూడోది తేలనంత మాత్రాన మొదటిది అబద్ధం కాదు. చోంగ్ చోన్ గాంగ్ మీద క్యూబా ప్రకటన ఒక్కరోజులో వచ్చింది. నిపుణుల నివేదిక బయటకు రావడానికి 2014 మార్చి దాకా పట్టింది. ఆ ఎనిమిది నెలల ఓపిక మనకూ ఉండాలి.