మొరాయించిన మరమేకు

ఇతరులు వాడి విడిచిన కంప్యూటరు కీబోర్డును తక్కువ వెలకు కొని, పలుకని మీటలను బాగుచేసికొని వాడుకొనుట గృహస్థులకు లాభకరమైన పని. అయితే ఈ పనిలో మొదట ఎదురగు అడ్డంకి తరచుగా లోపలి యంత్రము కాదు. పెట్టెను మూసియుంచిన మరమేకు. వాడుకలో స్క్రూ అని మనము పిలుచు ఈ చిన్న ఇనుపముక్క మొరాయించినచో పెట్టె తెరచుటయే సాధ్యపడదు. రేడియో వెనుక అట్టను విప్పి దుమ్ము దులిపినవారికి ఈ చిక్కు కొత్త కాదు. ఇంటిలోని విద్యార్థికి ఆ పాత కీబోర్డే ఆధారమైనపుడు, ఒక్క స్క్రూ తల చెడినంతమాత్రమున దానిని పారవేయవలసి వచ్చుట విచారకరము. అట్టి స్క్రూ ఏల మొరాయించును, దానిని ఎట్లు తీయవలెను అను విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

స్క్రూ రాలేదని చెప్పునపుడు మనము రెండు వేర్వేరు వ్యాధులను ఒకే పేరుతో పిలుచుచున్నాము. ఎంత త్రిప్పినను చలింపని స్క్రూ ఒకటి. సులభముగా తిరుగుచునే యుండి పైకి రానిది రెండవది. మొదటి దానికి చేయు చికిత్స రెండవ దానికి పనికిరాదు. ఒక్కొక్కప్పుడు దోషము కనబడుచున్న స్క్రూది కానే కాదు. కీబోర్డు అడుగున అంటించిన కాగితపు చీటీ క్రిందనో, రబ్బరు పాదముల క్రిందనో మరియొక స్క్రూ దాగి యుండవచ్చును. అది బిగిసియుండగా పెట్టెను లాగినచో ప్లాస్టిక్కు పగులును. చీటీపై వ్రేలితో నొక్కి చూచినచో గుంట తగిలిన చోట స్క్రూ ఉన్నట్లు ఊహింపవచ్చును.

కదలని స్క్రూ విషయమున గుర్తుంచుకొనవలసినది ఒక్కటే: స్క్రూకు తలయే పిడి. తల చెడకున్నంత వరకు ఎన్ని ఉపాయములైనను మిగిలియుండును. తల అరిగిన పిమ్మట పది నిమిషముల పని ఒక పూట పని యగును. కావున బలము చూపుటకు ముందు తలను, దానికి తగిన పనిముట్టును పరిశీలింపవలెను.

నేటి కీబోర్డులలో అధికముగా కనబడునవి తలపై కూడిక గుర్తు వంటి గాడి గల స్క్రూలు. ఈ రకమునకు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రవాసి హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందెను. ఆయన పేరే దానికి నిలిచినది. ఈ గాడి ప్రక్కలు నిలువుగా గాక కొంత ఏటవాలుగా నుండును. అందుచే గట్టిగా త్రిప్పిన కొలదియు స్క్రూడ్రైవరు మొన పైకి జారుటకు చూచును. జారిన ప్రతిసారియు గాడి అంచులను కొంత కొరికివేయును. దీనికి విరుగుడు, త్రిప్పుట కంటె నొక్కుటకు ఎక్కువ బలము వినియోగించుట. కీబోర్డును చేతిలో పట్టుకొనక బల్లపై మెత్తని గుడ్డ పరచి దానిపై నుంచి, స్క్రూడ్రైవరును నిట్టనిలువుగా నిలిపి నొక్కవలెను.

మొన పరిమాణము కూడ ముఖ్యమే. ఫిలిప్స్ మొనలకు 0, 1, 2 అను నంబర్లుండును. చిన్న మొన పెద్ద గాడిలో దూరును గాని పట్టు చిక్కదు. గాడిలో నిలిపినపుడు అటునిటు ఊగని మొనయే తగిన మొన. జపాను ప్రమాణము ననుసరించి చేసిన స్క్రూలు చూపునకు ఫిలిప్స్ వలెనే యున్నను, గాడి ఆకారమున కొంత భేదము కలదు. వానిలో అనేకములకు తలపై చిన్న చుక్క గుర్తుగా నుండును. వానికి తగిన మొనను వాడుట మేలు.

తగిన పనిముట్టు లేకపోవుటయే స్క్రూను మొండిదిగా చేయుననుటకు మంచి నిదర్శన మొకటి కలదు. ఐ.బి.ఎం. సంస్థ 1985లో విడుదల చేసిన మోడల్ ఎం అను కీబోర్డు నేటికిని పలువురు ప్రీతితో వెదకి కొనుచున్న పాత వస్తువు. ప్రతి మీట క్రిందను ఒక స్ప్రింగు ఉండి, నొక్కినపుడు ప్రక్కకు వంగి టక్కుమని చప్పుడు చేయును. అమెరికాలోని లెక్సింగ్టన్ పట్టణమున వీనిని విస్తారముగా తయారుచేసిరి. వీని పెట్టెను వెనుక అంచు పొడవున నాలుగు స్క్రూలు పట్టియుంచును. వాని తలలు ఆరు పలకలవి. ఇరుకైన లోతు గుంటలలో నుండును. పలకల మధ్య కొలత 5.5 మిల్లీమీటర్లు. సాధారణమైన మందపు సాకెట్టు ఆ గుంటలో దిగదు. పటకారుతో పట్టినను, 6 మిల్లీమీటర్ల సాకెట్టు తొడిగినను మూలలు అరిగి తల గుండ్రమగును. పలుచని గోడ గల 5.5 మిల్లీమీటర్ల గొట్టపు స్పానరు తొడిగినచో అదే స్క్రూ తరచుగా సులభముగా వచ్చును. నాలుగును తీసిన పిదప వెనుక అంచును మొదట పైకెత్తవలెను. ముందు అంచు ప్లాస్టిక్కు కొక్కెములకు తగిలియుండును.

తగిన పనిముట్టుతోను కదలనిచో ఈ వరుసను పాటింపవలెను. కీబోర్డు తీగను కంప్యూటరు నుండి తొలగించి, గాడిలోని మురికిని సూదితో తీయవలెను. పాత కీబోర్డులపై ఒలికిన తేనీరు, పానకము ఎండి జిగురువలె పట్టియుండుట కలదు. తరువాత స్క్రూను ముందుగా బిగించు దిక్కునకు, అనగా గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు, వెంట్రుకవాసి త్రిప్పి, ఆ పిమ్మట ఎదురు దిక్కునకు త్రిప్పవలెను. పట్టియున్న తుప్పుగాని జిగురుగాని ఈ చిన్న కదలికతో విడివడవచ్చును. గాడి కొంత అరిగియున్నచో వెడల్పైన రబ్బరు బ్యాండును తలపై పరచి, దానిమీదుగా మొనను నొక్కి త్రిప్పినచో పట్టు చిక్కవచ్చును. స్క్రూ లోహములో దిగి జిగురుతో పట్టియున్నచో, సోల్డరింగు ఐరన్ మొనను తలపై కొద్ది సెకనులు ఆనించుటవలన జిగురు మెత్తబడును. ప్లాస్టిక్కులో దిగిన స్క్రూకు వేడి ఎక్కువైనచో రంధ్రమే కరగి మర చెడును. నూనెల విషయమునను జాగ్రత్త అవసరము. తుప్పు వదలించు నూనెలు కొన్ని ప్లాస్టిక్కులను బీటలు వార్చును. లోపలికి కారినచో మీటల క్రింది పొరలను చెరచును.

ఇక తిరుగుచు పైకి రాని స్క్రూ. ప్లాస్టిక్కులోని మర అరిగిపోయినపుడు గాని, ప్లాస్టిక్కులో పొదిగిన ఇత్తడి గొట్టము పట్టు విడిచి స్క్రూతోపాటు తిరుగునపుడు గాని ఇట్లు జరుగును. నొక్కి త్రిప్పుట ఇచ్చట వ్యర్థము. పెట్టె రెండు సగముల మధ్య పలుచని ప్లాస్టిక్కు బద్దను దూర్చి, మెల్లగా ఎడము కల్పించుచు త్రిప్పవలెను. పైకి లాగు బలము తోడైనచో మిగిలిన మర స్క్రూను పైకి నడిపించును.

అన్ని ఉపాయములును విఫలమైనప్పుడే కోతకు దిగవలెను. తల పైకి కనబడుచున్నచో సన్నని రంపపు బ్లేడుతో అడ్డముగా గాడి కోసి, చదును మొన గల స్క్రూడ్రైవరుతో త్రిప్పవచ్చును. తల గుంటలో నున్నచో, స్క్రూ కాడ కంటె కొంచెము లావైన డ్రిల్లు మొనతో తలను మాత్రము తొలచివేయవలెను. పెట్టె ఊడివచ్చిన తరువాత మిగిలిన కాడను పటకారుతో పట్టి త్రిప్పవచ్చును. అప్పుడు కంటికి అద్దములు ధరించుట, రాలిన లోహపు రజనును పూర్తిగా ఏరివేయుట తప్పనిసరి. ఒక్క రేణువు విద్యుత్ పలకపై నిలిచినను మీటలు తప్పుగా పలుకవచ్చును.

మరల బిగించునపుడు చేయు పని తరువాతి వారికి ఉపకరించును. ప్లాస్టిక్కులో దిగు స్క్రూను రంధ్రమున నుంచి, ముందు వ్యతిరేక దిక్కునకు మెల్లగా త్రిప్పినచో ఒకచోట చిన్నగా క్రిందికి జారినట్లు చేతికి తెలియును. అది పాత మర మొదలు. అచ్చట నుండి బిగించినచో కొత్త మర తెగక పాత మరలోనే దిగును. తల ఆనినంతనే ఆపవలెను. నేడు మనలను బాధించిన స్క్రూను పూర్వ మెవరో అతిగా బిగించి యుండవచ్చును. ఆ కీబోర్డు మరియొక ఇంటికి చేరినపుడు, అచ్చటి వారికి మనము ఆ శ్రమ కల్పింపకుందుము గాక.