చాపరల్ పొదలు, వృక్షాలు: అగ్ని వ్యవధి ప్రాధాన్యం

కాలిఫోర్నియా కొండవాలులపై దట్టంగా పెరిగే సతతహరిత పొదల సముదాయాన్ని చాపరల్ అంటారు. ఈ ప్రాంతంలో వర్షం ప్రధానంగా శీతాకాలంలో కురుస్తుంది. వేసవి అంతా బెట్ట పరిస్థితులే ఉంటాయి. అందువల్ల ఇక్కడి మొక్కల ఆకులు చిన్నవిగా, మందంగా, గట్టిగా ఉండి నీటి నష్టాన్ని తగ్గిస్తాయి. షమీజ్, మాంజనీటా, సియానోథస్, టోయాన్, పొద ఓక్ ఇందులోని ముఖ్యమైన మొక్కలు. సియానోథస్ వేరు బుడిపెలలో ఫ్రాంకియా సూక్ష్మజీవులు నత్రజనిని స్థిరీకరిస్తాయి. మన తీరప్రాంతపు సరుగుడు వేర్లలోనూ ఇదే ప్రజాతి సూక్ష్మజీవులు ఉంటాయి.

కార్చిచ్చు తరువాత ఈ మొక్కలు రెండు విధాలుగా పునరుత్పత్తి చెందుతాయి. టోయాన్, పొద ఓక్ వంటివి మొదలు నుంచి తిరిగి చిగురిస్తాయి. సియానోథస్, మాంజనీటాలలోని అనేక జాతులు పూర్తిగా కాలిపోయి, నేలలో నిల్వ ఉన్న విత్తనాల ద్వారా మాత్రమే తిరిగి మొలకెత్తుతాయి. సియానోథస్ విత్తనాల గట్టి పొర మంట వేడికి పగిలి వాటి సుప్తావస్థ తొలగుతుంది. షమీజ్ ఈ రెండు పద్ధతులనూ అనుసరిస్తుంది.

అయితే ఇవి ఎంత తరచుగా తగలబడినా తట్టుకోగలవని భావించడం సరికాదు. విత్తనాలపైనే ఆధారపడిన జాతుల నారుమొక్కలు పెరిగి, కాయలు కాసి, నేలలో విత్తన నిల్వను తిరిగి నింపడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. ఆలోపే మళ్ళీ మంటలు వస్తే ఆ జాతి అక్కడ అంతరిస్తుంది. శాన్ డియాగో ప్రాంతంలోని ఓటే పర్వతం 2003లోనూ, తిరిగి 2007లోనూ కార్చిచ్చుకు గురైంది. అక్కడి టెకాటే సైప్రస్ వృక్షాలు తమ విత్తనాలను మూసిన శంకువులలో కొమ్మలపైనే నిల్వ చేసుకుంటాయి. ఆ నిల్వ సమృద్ధం కావడానికి దశాబ్దాలు పడుతుంది కనుక నాలుగేళ్ళ వ్యవధి వాటికి ఏమాత్రం చాలదు.

పొదలు పలుచబడిన చోట విదేశీ ఏకవార్షిక గడ్డిజాతులు వ్యాపిస్తాయి. ఇవి వేసవి ఆరంభానికే ఎండి సులభంగా అంటుకుంటాయి. దీనితో మంటల మధ్య వ్యవధి మరింత తగ్గి, పొదలు మరింత క్షీణిస్తాయి. చివరకు పొదల భూమి గడ్డి భూమిగా మారుతుంది. లోతైన వేర్ల పట్టు కోల్పోయిన వాలులలో మట్టి జారే ప్రమాదం కూడా పెరుగుతుంది.

కనుక ఇటువంటి భూములలో ఇంధన భారాన్ని తగ్గించేందుకు నియంత్రిత దహనం చేపట్టే ముందు, చివరి మంట తరువాత గడిచిన కాలాన్ని, చిగురించే జాతులు, విత్తనాలపై ఆధారపడే జాతుల నిష్పత్తిని తప్పక పరిశీలించాలి.