మంత్రి బంటు నేర్పిన పాఠము

చదరంగమున మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు నడచుట సామాన్యముగ కన్పట్టును. దాని ప్రక్క బంటును ప్రత్యర్థికి ఎరగా చూపుటలో సూక్ష్మము కలదు: ఆ ఎరను పట్టి విడువనివాడు బల్ల నడుమ పట్టును కోల్పోవును.

1927లో బ్యూనస్ ఎయిర్స్ నగరమున జగజ్జేత కాపబ్లాంకాతో అలేఖిన్ తలపడెను. 34 ఆటలలో 32 ఈ ఆరంభముననే సాగెను. అన్నిటను ఎర తిరస్కరింపబడెను. ఆరు ఆటలు గెలిచినవానిదే కిరీటము. కడపటి ఆట నాటికి అలేఖిన్ గెలుపులు అయిదు. ఆ ఆటలో ఆయనకు చిక్కినది ఒకే బంటు ఆధిక్యము. ఆ స్వల్ప లాభమును 82 ఎత్తుల వరకు ఓర్పుతో నడిపించెను. నిలిచిన ఆటను తిరిగి ఆడ రాక, ఓటమి నంగీకరించుచు కాపబ్లాంకా లేఖ పంపెను.

వరంగల్లున 2003లో జన్మించిన ఎరిగైసి అర్జున్ 2018లో గ్రాండ్‌మాస్టరయ్యెను. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో 11 ఆటలకు 10 పాయింట్లు గడించి మూడవ బల్లపై స్వర్ణమందెను. 2016 వరకు ఆ జిల్లాలోనివే యైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడులలో ఈ బల్ల పరచు ఉపాధ్యాయుడు మొదట నేర్పవలసినదేమి? ఎత్తుగడ కాదు; చిన్న మేలును చేజారనీయని ఓర్పు.