తెగులు మందు, నట్టల మందు ఒక కుదురువే

బావిస్టిన్ ఏమిటని కూలి మనిషిని అడగండి, వేరుశనగ మచ్చ తెగులుకు కొట్టే మందు అంటాడు. గొర్రెల కాపరి నట్టల మందు సంగతి చెబుతాడు. బడి పిల్లవాడు పంతులుగారు నమలమని ఇచ్చిన బిళ్ళ సంగతి చెబుతాడు. ఈ మూడూ అన్నదమ్ములే అంటే నవ్వుతారు. కాని నిజం.

కార్బెండజిమ్, ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్. పేర్లలోనే చుట్టరికం ఉంది. ఆరు కర్బన పరమాణువుల వలయానికి, రెండు నత్రజని పరమాణువులున్న ఐదు మూలల వలయం అతుక్కుంటే అది బెంజిమిడజోల్. 1961లో థయాబెండజోల్‌తో ఈ కుటుంబం నట్టల మందుగా పశువుల కొట్టంలో అడుగుపెట్టింది.

ఎలా చంపుతుంది? జీవకణంలో ట్యూబులిన్ అనే ప్రోటీన్ ఇటుకల్లా పేరుకుని సన్నని గొట్టాలు కడుతుంది. మందు వెళ్ళి ఆ ఇటుకకు అంటుకుంటుంది, కట్టడం ఆగిపోతుంది. పురుగు గ్లూకోజు అందక మాడి చస్తుంది. బూజు కణమైతే రెండుగా చీలలేదు. మనలోనూ ట్యూబులిన్ ఉంది, కాని మందు పురుగుదాన్ని పట్టుకున్నంత గట్టిగా మనదాన్ని పట్టుకోదు. ఈ తేడా మీదే మన బతుకు. జంతువుల్లో పిండానికి హాని కనిపించింది కనుకనే గర్భిణికి మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ ఇవ్వరు. కార్బెండజిమ్ జన్యువులకు, సంతానానికి చేటు చేసే రకమని యూరప్ సమాఖ్య వర్గీకరించింది, అక్కడ దాని అనుమతి 2014లో ముగిసింది. 2020 మేలో మన కేంద్ర ప్రభుత్వం నిషేధిస్తామంటూ ముసాయిదాలో పెట్టిన 27 మందుల్లో ఇదీ ఒకటి. విత్తనాలకు ఆ పొడి పట్టించేది మాత్రం కూలివాడి ఒట్టి చెయ్యే. తొడుగులు కొనిపెట్టే ఆసామి ఎంతమంది?

ఊరికే పోస్తూ ఉంటే మందు పనిచెయ్యడం మానేస్తుంది. ట్యూబులిన్‌లో 200వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పురుగుకు తిండి దొరికినట్టే. గొర్రెల నట్టల్లో ఇది అనేక దేశాల్లో కనిపించింది.

ఇక ధర. అమెరికాలో ఆల్బెండజోల్ ఒక రోజు మోతాదు సగటు టోకు ధర 2010లో దాదాపు 6 డాలర్లు, 2013కి 120 డాలర్లకు దగ్గరైంది. బిళ్ళ మారలేదు, పాత మందే, పోటీదారు లేడంతే.

మన దగ్గర 2015 ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల దినం మొదలైంది. ఆ రోజు బిళ్ళ 1 నుంచి 19 ఏళ్ళవారికే. కొంకి పురుగు పిల్ల వయసు అడగదు, బురదలో నిలబడ్డ ఒట్టి కాలి చర్మంలోంచి దూరి, నెత్తురుతో ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గొంతుకు, పేగుకు చేరి నెత్తురు పీలుస్తుంది. నాటు వేసే ఆడమనిషి నెలల తరబడి ఆయాసపడుతూ ఉంటే, ఇంట్లోవాళ్ళు ఒళ్ళు బద్ధకం అంటారు. బిళ్ళ మింగినా, మరుగుదొడ్డి లేని ఊరి మట్టిలో మళ్ళీ నడిస్తే మళ్ళీ పురుగే. తేయాకు కోసేవాళ్ళకు, గని పనివాళ్ళకు బిళ్ళ ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మన నాటు కూలీల మాటేమిటని మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అడగండి.