తండ్రి లేని కందిరీగ

కొబ్బరి చెట్టుకు కల్పవృక్షమని పేరు. కోనసీమలో, దాని పక్కనే ఉన్న యానాంలో, కర్ణాటకలోని తుమకూరు ప్రాంతంలో, తమిళనాడులో, ఒడిశా తీరంలో ఎన్నో కుటుంబాలు ఈ చెట్టునే నమ్ముకొని బ్రతుకుతున్నాయి. ఒక్కొక్కప్పుడు ఈ తోటలు దూరం నుండి చూస్తే మంట తగిలి మాడిపోయినట్లు కనిపిస్తాయి. అది నిప్పు చేసిన పని కాదు. నల్లతల గొంగళిపురుగు చేసిన పని. అది ఆకుల అడుగున పట్టుదారాలతో, తన విసర్జకాలతో గూడు అల్లుకొని, అందులో దాగి పచ్చదనాన్ని గీకి తింటుంది. ఆకు ఎండుతుంది, కాపు తగ్గుతుంది.

అంత ఎత్తయిన చెట్టుపై మందు చల్లడం తేలిక కాదు. చల్లినా గూటిలోని పురుగుకు అది సరిగా తగలదు. మనిషి చేయలేని ఈ పనిని ఒక చిన్న కందిరీగ చేస్తుంది. దాని పేరు బ్రాకన్ హెబెటర్. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. మనుషులను కుట్టదు.

ఆడ బ్రాకన్ గొంగళిపురుగును వెదకి పట్టుకొని, సూది వంటి అవయవంతో పొడిచి విషాన్ని ఎక్కిస్తుంది. పురుగు కదలిక లేకుండా పడిపోతుంది, కాని వెంటనే చావదు. అప్పుడు కందిరీగ దాని శరీరం మీద గుడ్లు పెడుతుంది. గుడ్ల నుండి వచ్చిన డింభకాలు ఆ పురుగును పీల్చి పెరుగుతాయి. తరువాత పట్టుగూళ్ళు అల్లుకొని, వెచ్చని వాతావరణంలో సుమారు 10 నుండి 12 రోజులలో రెక్కలతో బయటకు వస్తాయి.

ఇటువంటి కీటకాలను వ్యవసాయ శాస్త్రంలో బదనికలు అంటారు. చెట్టు కొమ్మపై మొలిచి దాని సారాన్ని పీల్చే బదనిక మొక్క పేరే వీటికి వచ్చింది. పేను వంటి పరాన్నజీవులకూ వీటికీ ఒక భేదం ఉంది. పేను రక్తం పీలుస్తుందే గాని మనిషిని చంపదు. బదనిక పిల్లలు పెరిగాయంటే మాత్రం వాటికి ఆహారమైన పురుగు చావక తప్పదు.

మగ బ్రాకన్‌ను గురించి పొడుపు కథ లాంటి మాట ఒకటి చెప్పవచ్చు: “తండ్రి లేడు, తాత ఉన్నాడు. కొడుకులు లేరు, కూతుళ్ళు ఉన్నారు.” ఇది వింతగా తోచినా అక్షరాలా నిజం.

ఆడ కందిరీగ మగదానితో కలిసిన తరువాత శుక్రకణాలను తన శరీరంలోని ఒక చిన్న సంచిలో దాచుకొంటుంది. గుడ్డు పెట్టే సమయంలో శుక్రకణం కలిస్తే ఆ గుడ్డు ఫలదీకరణం చెందుతుంది. దాని నుండి సాధారణంగా ఆడ కందిరీగ పుడుతుంది. శుక్రకణం కలవని గుడ్డు కూడా వ్యర్థం కాదు. దాని నుండి మగది పుడుతుంది. ఆడదానిలో తల్లి నుండి 10, తండ్రి నుండి 10, మొత్తం 20 క్రోమోజోములు ఉంటాయి. మగదానిలో తల్లి ఇచ్చిన 10 మాత్రమే ఉంటాయి. అందువల్ల మగదానికి తండ్రి లేడు. తల్లికి తండ్రి ఉన్నాడు కనుక తాత ఉన్నాడు.

తేనెటీగలు, చీమలు కూడా కందిరీగల వర్గానికి చెందినవే. మగ తేనెటీగలు ఫలదీకరణం చెందని గుడ్ల నుండి పుడతాయని సైలీషియాకు చెందిన జీర్జోన్ అనే మతాచార్యుడు 1845లోనే చెప్పాడు. బ్రాకన్ విషయంలో అమెరికా శాస్త్రవేత్త ఫినియాస్ వైటింగ్ మరొక అడుగు ముందుకు వేశాడు. దగ్గరి బంధువుల మధ్య జతలు కట్టించినప్పుడు, ఫలదీకరణం చెందిన గుడ్ల నుండి కూడా కొన్ని మగవి రావడం గమనించాడు. దీనికి కారణం 1943 నాటికి అతని పరిశోధనల వల్ల స్పష్టమైంది.

లింగాన్ని నిర్ణయించే జన్యువుకు అనేక రూపాలు ఉన్నాయి. రెండు వేర్వేరు రూపాలు కలిస్తేనే ఆడది పుడుతుంది. ఒకే రూపం ఉంటే మగది పుడుతుంది. ఈ రూపాలకు క, చ, ట అని పేర్లు పెట్టుకొందాం. తల్లిలో క-చ, తండ్రిలో ట ఉన్నాయి. కూతుళ్ళు క-ట గాని, చ-ట గాని అవుతాయి. కొడుకులకు క గాని, చ గాని వస్తుంది. క-ట కూతురు క గల సోదరునితో జత కడితే, ఫలదీకరణం చెందిన గుడ్లలో సగం క-ట అయి ఆడవి అవుతాయి. మిగిలిన సగం క-క అయి మగవి కావలసి వస్తుంది. వీటిలో చాలా వరకు గుడ్డు దశలోనే చనిపోతాయి. బ్రతికినవి కూడా దాదాపు సంతానానికి పనికిరావు. తేనెటీగలలోనూ ఇటువంటి జన్యువే ఉన్నదని 2003లో తేలింది.

ఈ విషయానికీ కొబ్బరి రైతుకూ ఉన్న సంబంధం చిన్నది కాదు. కోనసీమలోని అంబాజీపేట పరిశోధన కేంద్రం వంటి చోట్ల బ్రాకన్లను పెంచి తోటలలో విడుదల చేస్తారు. వీటికి ఆహారంగా, నిల్వ ధాన్యాన్ని పాడుచేసే కార్సైరా పురుగులను పెంచుతారు. కొద్దిపాటి కందిరీగలతో మొదలుపెట్టి తరతరాలుగా వాటినే పెంచితే జన్యు రూపాలు తగ్గిపోతాయి. అప్పుడు ఆడవి తక్కువవుతాయి. గొంగళిపురుగును పొడిచేదీ, గుడ్లు పెట్టేదీ ఆడదే. మగవి ఎన్ని వేలు విడిచినా తోటలో ఒక్క పురుగు కూడా చావదు. అందువల్ల అప్పుడప్పుడు తోటల నుండి కొత్త కందిరీగలను తెచ్చి పెంపకంలో కలపడం అవసరం.

బ్రాకన్లను విడిచిన తోటలో పురుగుమందు చల్లితే అవీ చనిపోతాయి. పంటకు చేటు చేసే పురుగును గుర్తించడం ఎంత అవసరమో, పంటను కాపాడే పురుగును గుర్తించడం కూడా అంతే అవసరం.