ఒక దారి గుట్టకు, ఒక దారి ఆస్పత్రికి

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నిలబడితే తూర్పుగా యాదగిరిగుట్టకు బస్సులు పోతుంటాయి. పడమరగా మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం చేరవచ్చు. మా ఇల్లు నాచారంలో. మా తమ్ముడి జబ్బుకు ఈ రెండు దారులలో ఏది మంచిదని మా ఇంట చాలాకాలం వాదన నడిచింది. అది ఎలా తేలిందో చెబుతాను. ఇలాంటి చిక్కులో ఉన్న ఒక్క ఇంటికి పనికి వచ్చినా చాలు.

2018 వేసవి. వాడికి 21 ఏళ్లు, డిగ్రీ పరీక్షలు దగ్గర పడ్డాయి. మొదట నిద్ర పోయింది. ఆ తరువాత స్నానం, తిండి, స్నేహితులు ఒకటొకటిగా పోయాయి. ఒక రాత్రి మేడమీద ఎవరితోనో వాదిస్తున్నాడు. "పక్కింటివాళ్లు నా గురించే మాట్లాడుతున్నరక్కా, నీకు వినబడతలేదా?" అన్నాడు. పక్కింటికి వారం రోజులుగా తాళం వేసి ఉంది.

గాలి సోకిందన్నారు కొందరు. పెళ్లి చేస్తే కుదురుతుందన్నారు మరికొందరు. తాయెత్తులు కట్టించాం, దిష్టి తీయించాం. చివరకు నాన్నే ధైర్యం చేసి ఎర్రగడ్డ తీసుకుపోయాడు. "ఆ పేరు బయటికి పొక్కితే ఆడపిల్లకు సంబంధాలు వస్తాయా?" అని చుట్టాలు వెనక్కి లాగారు. ఆ ఆడపిల్లను నేనే. నాన్న వినలేదు.

ఇది స్కిజోఫ్రెనియా అనే జబ్బు అన్నారు డాక్టరు. దయ్యమూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. ఎక్కువగా వయసులో ఉన్న పిల్లలనే పట్టుకుంటుంది. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ వాడి చూసేదాకా దీనికి సరైన మందే లేదు. మెదడులో డోపమైన్ అనే రసాయనం జోరును ఇప్పటి మందులు అదుపులో పెడతాయి. ఒకటి పడకపోతే మరొకటి ఉంది.

రెండు నెలలకు మావాడు మాతో కూర్చుని అన్నం తిన్నాడు. అమ్మ ఆనందంతో వాణ్ణి గుట్టకు తీసుకుపోయి, మండలం రోజులు స్వామి చుట్టూ ప్రదక్షిణలు చేయించింది. తిరిగి వచ్చాక, "సామి బాగుచేసిండు, ఇంక మాత్రలెందుకు?" అంది. మాత్రలతో వాడికి మగతగా ఉండేది, ఒళ్లు వచ్చింది. వాడూ సరేనన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ తప్పులో నాకూ పాలుంది.

మూడు నెలలు తిరక్కముందే మేడమీద మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వాడు అమ్మ పెట్టిన అన్నంలో విషం కలిసిందన్నాడు. అమ్మ కంచం ముందు కూలబడి ఏడ్చింది. కొడుకు మాటకు కాదు, దేవుడు తన మొర వినలేదని.

మళ్లీ ఎర్రగడ్డ వెళ్లాం. చీవాట్లు తప్పవనుకున్నాం. డాక్టరు మాత్రం, "గుట్టకు పోవద్దని నేనన్నానా అమ్మా? పోయేటప్పుడు మాత్రలు కూడా పట్టుకుపోండి. మగతగా ఉంటే నాకు చెప్పండి, మోతాదు మారుస్తాను. మీ అంతట మీరు మానకండి" అన్నారు.

మెట్రోలో వస్తూ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఉప్పల్ దిగాక, "గుట్ట మీది సామిని వైద్య నరసింహుడంటరు గద బిడ్డా. వైద్యుడని పేరు పెట్టుకున్నాయన వైద్యాన్ని వద్దంటడా?" అంది. మా వాదన ఆ మెట్ల మీదనే తెగిపోయింది.

ఆ సాయంత్రం నుంచి అమ్మ దేవుడి ముందు దీపం పెట్టగానే వాడి చేతిలో మాత్ర పెడుతుంది. దీపం మరిచిన రోజు లేదు కనుక మాత్ర మరిచిన రోజూ లేదు.

భక్తిని వైద్యానికి అడ్డం పెడితే ఏమవుతుందో ఏర్వాడి చెబుతుంది. 2001 ఆగస్టు 6న ఆ తమిళనాడు ఊళ్లో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఉంచిన ఒక ఆశ్రమం అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 25 మందికి పైగా కాలిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసుతో కట్టడం నిషిద్ధం. వైద్యం పొందడం వాళ్ల హక్కు. ఎవరిని అడగాలో తెలియనివారు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మావాడు ఇప్పుడు నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీ ప్యాకింగులో పనిచేస్తున్నాడు. మొన్న దీపాల వేళ ఉండబట్టలేక, "ఇంకా వినబడతయారా?" అని అడిగాను.

"అప్పుడప్పుడు వినబడతయక్కా. నేనే జవాబియ్య" అని నవ్వి, మాత్ర వేసుకుని నీళ్లు తాగాడు.